యూజీన్ బుల్లార్డ్: బాక్సింగ్ రింగ్ నుంచి వెర్డూన్ కందకాలకి, అక్కడి నుంచి ఆకాశంలోకి

గడియారస్తంభం

మొదటి ప్రపంచయుద్ధం మీద ఈ వేదికలో చాలా థ్రెడ్‌లు వచ్చాయి. అన్నిట్లోనూ జనరల్స్, ఒప్పందాలు, మ్యాపులే. ఒక మామూలు సైనికుడి జీవితాన్ని పుట్టుక నుంచి చావు దాకా ఎవరూ రాయలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

పేరు యూజీన్ బుల్లార్డ్. బాక్సర్‌గా బతుకు మొదలుపెట్టాడు, ఫ్రెంచ్ సైన్యంలో మెషిన్ గన్ పట్టాడు, తర్వాత యుద్ధ విమానం నడిపాడు. అమెరికన్ నల్లజాతీయుల్లో యుద్ధ విమానం నడిపిన మొదటి మనిషి ఆయనే. నడిపింది మాత్రం ఫ్రాన్స్ కోసం.

1895 అక్టోబర్ 9న అమెరికాలో జార్జియా రాష్ట్రం, కొలంబస్ ఊళ్ళో పుట్టాడు. తండ్రి విలియం కూలీ. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రికీ పనిచోట ఒక తెల్ల ఫోర్‌మన్‌కీ గొడవైంది. ఆ రాత్రి తాగిన గుంపు ఒకటి ఇంటి మీదకి వచ్చింది. పిల్లల్ని కిక్కురుమనకుండా కూర్చోబెట్టి, తలుపుకెదురుగా తుపాకీ పట్టుకుని తండ్రి తెల్లవార్లూ కాపలా కాశాడు. గుంపు తలుపులు బాది బాది వెళ్ళిపోయింది. అప్పటి జార్జియాలో అలాంటి రాత్రి ఎలా ముగిసేదో చరిత్ర చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్రాన్స్‌లో రంగు చూసి మనిషిని కొలవరని తండ్రి చెప్పిన మాట ఈ పిల్లాడి మనసులో నాటుకుపోయింది. పదకొండేళ్ళ వయసులో ఇల్లు వదిలేశాడు.

కొన్నేళ్ళు జిప్సీల గుంపుతో తిరుగుతూ గుర్రాలు కాశాడు. 1912లో వర్జీనియాలోని నార్‌ఫోక్ రేవులో ఒక జర్మన్ సరుకు ఓడ ఎక్కి దాక్కున్నాడు. ఓడ స్కాట్లండ్‌లోని అబర్డీన్ చేరింది. ఆ తర్వాత గ్లాస్గో, లివర్‌పూల్. బాక్సింగ్ లివర్‌పూల్‌లోనే మొదలైంది. మిగతాది తర్వాతి పోస్టుల్లో. మధ్యలో తెలిసినవాళ్ళు కలపండి.

ఇందూరు_రింగ్

అన్నా, బాగా మొదలుపెట్టారు. మాది నిజామాబాద్. నిఖత్ జరీన్ వరల్డ్ ఛాంపియన్ అయినప్పటి నుంచి మా దగ్గర ప్రతి గల్లీలో ఒక పిల్ల గ్లోవ్స్ అడుగుతోంది. నేనూ చిన్నపిల్లలకి నేర్పిస్తాను కాబట్టి బాక్సింగ్ సంగతి నేను రాస్తాను.

లివర్‌పూల్‌లో ఈయన రేవులో మూటలు మోశాడు. ఒళ్ళు తట్టుకోలేక ఆ పని మానేసి ఒక ఎగ్జిబిషన్‌లో చేరాడు. అక్కడ పనేంటంటే, ఒక గుడ్డ తెరకి రంధ్రం చేసి ఉంటుంది. ఈయన అందులోంచి తల బయటపెట్టి నిలబడాలి. జనం డబ్బులిచ్చి బంతులు కొని ఆ తలకి గురిపెట్టి విసరాలి. తగలకుండా తప్పించుకోవాలి. అదీ ఉద్యోగం. చదువుతుంటే నాకు కడుపు రగిలిపోయింది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లాడు.

కానీ శిక్షణ ఇచ్చే మనిషిగా ఇంకో సంగతి కూడా చెప్పాలి. కాళ్ళు కదపడానికి వీల్లేకుండా, మెడా భుజాలతో మాత్రమే దెబ్బ తప్పించుకోవడం బాక్సింగ్‌లో అన్నిటికంటే కష్టమైన విద్య. చేతులతో అడ్డుకోవడం ఎవరైనా నెలలో నేర్చుకుంటారు. తల కదలిక రావడానికి ఏళ్ళు పడుతుంది, ఎందుకంటే వస్తున్నదాన్ని కళ్ళు మూయకుండా చూడాలి. ఎగ్జిబిషన్ పని వారాంతాల్లోనే. మిగతా రోజులు ఖాళీ కాబట్టి జిమ్‌కి పోయేవాడు. ముందు ఊడ్చడం, నీళ్ళందించడం. తర్వాత రింగ్‌లోకి దిగాడు.

అక్కడే ఆరన్ బ్రౌన్ కంటపడ్డాడు. రింగ్‌లో ఆయన పేరు డిక్సీ కిడ్, 1904లో వెల్టర్ వెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచిన నల్లజాతి బాక్సర్. ఈయన్ని లండన్ తీసుకెళ్ళి తన దగ్గర పెట్టుకున్నాడు. 1913 నవంబర్‌లో పారిస్‌లో ఒక ఫైట్ కుదిర్చిపెట్టాడు. తండ్రి చెప్పిన దేశంలో ఈ అబ్బాయి కాలు పెట్టింది గ్లోవ్స్ కట్టుకోవడానికే.

కృష్ణలంక

అక్కా, ఒక అనుమానం. బాక్సర్‌గా పెద్ద టైటిల్ ఏదీ గెలవలేదు కదా? మరి బాక్సర్ అని అంత గట్టిగా చెప్పుకోవాలా?

ఇందూరు_రింగ్

తమ్ముడూ, టైటిల్ గెలిచినవాడే బాక్సర్ అయితే ప్రపంచంలో వందమంది కూడా మిగలరు. అప్పట్లో నల్లజాతి బాక్సర్లు సముద్రం దాటడానికి కారణమే వేరు. 1910లో నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ రీనో ఊళ్ళో తెల్ల బాక్సర్ జెఫ్రీస్‌ని ఓడించాక అమెరికాలో ఎన్నో ఊళ్ళలో నల్లవాళ్ళ మీద దాడులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. ఫైట్ గెలిస్తే ప్రాణం మీదకి వచ్చే దేశం అది. లండన్, పారిస్‌లలో మాత్రం టికెట్ కొని వచ్చి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఒక మనిషికి తను మనిషినని మొదటిసారి తెలిసింది రింగ్‌లో అయితే, ఆయన్ని బాక్సర్ అనకుండా ఏమంటాం?

గడియారస్తంభం

ఇక యుద్ధం. 1914 ఆగస్టులో మొదలైంది. అక్టోబర్‌లో, పందొమ్మిదేళ్ళు నిండగానే ఫారిన్ లెజియన్‌లో చేరాడు. విదేశీయులు ఫ్రాన్స్ తరఫున పోరాడాలంటే అదే దారి. 1915లో ఆర్త్వా, షాంపేన్ పోరాటాల్లో లెజియన్ ఎంతగా దెబ్బతిందంటే, మిగిలినవాళ్ళని వేరే రెజిమెంట్లలో సర్దాల్సి వచ్చింది. బుల్లార్డ్‌ని 170వ పదాతి రెజిమెంట్‌లో వేశారు.

1916 ఫిబ్రవరి 21న ఫ్రాన్స్‌లోని వెర్డూన్ మీద జర్మన్లు విరుచుకుపడ్డారు. ఆ పోరు డిసెంబర్ దాకా సాగింది, రెండు వైపులా కలిపి చచ్చినవాళ్ళే సుమారు 3 లక్షలు. బుల్లార్డ్ మొదటి వారాల్లోనే అక్కడున్నాడు. ముందు ఒక గుండు పేలి పళ్ళు చాలావరకు ఊడిపోయాయి. అయినా లైన్ వదల్లేదు. మార్చి 5న ఇంకో గుండు పేలి తొడ చీలిపోయింది. లియాన్ ఊళ్ళో ఆసుపత్రి పాలయ్యాడు. ఇక నడిచి యుద్ధం చేయలేడని తేల్చారు. యుద్ధంలో ధైర్యానికిచ్చే క్రోయి ద గెర్ పతకం ఇచ్చారు.

మెషిన్ గన్నర్ పని ఎలాంటిదో ఒక్కసారి ఊహించండి. ఎదుటివాళ్ళు కందకాల్లోంచి లేచి వరుసగా పరుగెత్తుకొస్తుంటే, ఒక్కచోట కూర్చుని ఆ వరుస పొడవునా గొట్టం తిప్పుతూ పోవాలి. ఈయన దాని గురించి గొప్పలు చెప్పుకోలేదు.

పాతపుస్తకాల_కొట్టు

మంచి పని చేస్తున్నారు గడియారస్తంభం గారూ. ఒక్క మాట. ఈయన్ని 'మృత్యువు నల్ల వానకోయిల' (ఇంగ్లిష్‌లో 'బ్లాక్ స్వాలో ఆఫ్ డెత్') అని పిలిచేవారని ఇంటర్నెట్లో ప్రతిచోటా రాస్తారు. 'మృత్యువు వానకోయిలలు' అన్నది 170వ రెజిమెంట్ మొత్తానికి ఉన్న పేరు. ఈయన కోసం విడిగా పుట్టింది కాదు, ఆకాశానికీ దానికీ సంబంధం లేదు. విమానం చూసి పెట్టిన బిరుదనుకుని చాలామంది కథలు అల్లేస్తున్నారు.

ఇంకొకటి. చిన్నతనం సంగతులు చాలావరకు ఆయన ముసలితనంలో రాసుకున్న జ్ఞాపకాల్లోంచి వచ్చినవే. ఆ రాతప్రతి ఆయన బతికుండగా అచ్చు కాలేదు. తుపాకీ రాత్రి, జిప్సీలు, ఎగ్జిబిషన్ అన్నీ అందులోవి. అబద్ధాలని అనడం లేదు. యాభై ఏళ్ళ తర్వాత తలచుకుని రాసిన మాటల్ని ఆ జాగ్రత్తతోనే చదవాలి. సైన్యంలో చేరినప్పటి నుంచి మాత్రం కాగితాలున్నాయి, అక్కడ అనుమానం తక్కువ.

అట్లాంటా_తెలుగమ్మాయి

కాగితాల్లో లేనిదంతా పక్కన పెడితే నల్లవాళ్ళ చరిత్రలో మిగిలేది ఏముంటుందండీ? ఆ ఊరి కాగితాలు రాసినవాళ్ళు ఎవరు? గుంపు వచ్చి తలుపు బాదిందని ఏ పోలీసు రాస్తాడు?

పాతపుస్తకాల_కొట్టు

మీరన్నది న్యాయమే అమ్మా. నేను పక్కన పెట్టమనలేదు. రెండిటికీ తేడా ఉందని గుర్తుపెట్టుకుందాం అంటున్నాను. అలాంటి మనిషి మీద అభిమానంతో లేనిపోనివి చేర్చితే, రేపు ఎవడో ఒకటి తప్పని చూపించి మొత్తం కథే కల్పితం అంటాడు. అందుకే ఈ పట్టింపు.

మాజీ_ఎయిర్‌మన్

నేను వైమానిక దళంలో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసి రిటైరయ్యాను. విమానాల భాగం నాకు వదలండి.

కాలు బాగుపడుతున్న రోజుల్లో పారిస్‌లో స్నేహితుల మధ్య పందెం పడింది. జెఫ్ డిక్సన్ అనే మిసిసిపీ తెల్లాయన, నల్లవాడివి, నీకు విమానం ఎవరిస్తారు అన్నాడు. పందెం 2000 డాలర్లు. తర్వాత రోజుల్లో ఈ డిక్సనే పారిస్‌లో పెద్ద బాక్సింగ్ ప్రమోటర్ అయ్యాడు. 1916 అక్టోబర్‌లో బుల్లార్డ్ కాజో శిబిరంలో విమాన గన్నర్‌గా చేరాడు, అక్కడి నుంచి పైలట్ శిక్షణకి మారాడు. 1917 మే 5న ఏరో క్లబ్ ఆఫ్ ఫ్రాన్స్ లైసెన్స్ వచ్చింది, నంబరు 6950. డిక్సన్ డబ్బు కట్టాడు.

ఆగస్టులో 93వ స్క్వాడ్రన్, సెప్టెంబర్‌లో 85వ స్క్వాడ్రన్. విమానాలు న్యూపోర్, స్పాడ్. ఇరవై దాకా మిషన్లు. జిమ్మీ అనే కోతిపిల్లని కోటు లోపల పెట్టుకుని ఎగిరేవాడు. పారే నెత్తురంతా ఎరుపే అన్నది ఆయన తన గుర్తుగా పెట్టుకున్న మాట.

రెండు జర్మన్ విమానాలు కూల్చానని ఆయన చెప్పాడు. అధికారిక లెక్కలో ఒక్కటీ ఎక్కలేదు. దీన్ని అబద్ధం అనకూడదు, నిజమని రాయకూడదు. ఫ్రెంచ్ వాళ్ళ పద్ధతి చాలా కఠినం. కూలిన విమానాన్ని వేరే సాక్షులు చూడాలి. అది శత్రువు లైన్ల అవతల పడితే చూసేదెవరు? ఇలా లెక్కకెక్కనివి చాలామంది పైలట్లకి ఉన్నాయి.

అసలు నేను రాయాలనుకున్నది దీని తర్వాత జరిగింది. 1917 ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. ఫ్రెంచ్ దళాల్లో ఎగురుతున్న అమెరికన్ పైలట్లని తమ సైన్యంలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. బుల్లార్డ్ కూడా దరఖాస్తు పెట్టాడు. వైద్య పరీక్షకి పిలిచారు. పాదాలు చదునుగా ఉన్నాయన్నారు, టాన్సిల్స్ పెద్దవన్నారు. చివరికి పాసయ్యాడు. తోటివాళ్ళకి పిలుపులు వచ్చాయి, ఈయనకి రాలేదు. అమెరికన్ పైలట్ అంటే ఆఫీసర్ అయి ఉండాలి, ఈయన కార్పోరల్ అన్నది ఒక సాకు. మిగతావాళ్ళలోనూ కార్పోరళ్ళు, సార్జెంట్లు ఉన్నారు. వాళ్ళకి ఒక్క సంతకంతో లెఫ్టినెంట్ హోదా ఇచ్చారు. సర్వీసులో ఉన్నవాడిగా చెబుతున్నా, ర్యాంకు అన్నది కావాలనుకుంటే ఒక పూటలో తేలే పని. వద్దనుకుంటే జీవితాంతం తేలదు.

నవంబర్‌లో ఫ్రెంచ్ విమాన దళం నుంచి కూడా తీసేశారు. ఒక ఫ్రెంచ్ అధికారితో గొడవ పడ్డాడన్నది బయటికి చెప్పిన కారణం. అమెరికన్ పైలట్ల వ్యవహారాలు చూసే డాక్టర్ ఎడ్మండ్ గ్రో వెనకనుంచి ఒత్తిడి పెట్టాడని బుల్లార్డ్ నమ్మాడు, చరిత్రకారులు కూడా ఆయన వైపే వేలు చూపిస్తారు. యుద్ధం అయ్యేదాకా మళ్ళీ 170వ రెజిమెంట్లోనే, పోరాటం లేని పనుల్లో ఉన్నాడు. విమానం నడిపే మనిషి, వెర్డూన్‌లో నెత్తురు కార్చిన మనిషి.

కృష్ణలంక

చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి సార్. మరి ప్రపంచంలోనే మొదటి నల్లజాతి పైలట్ అని కూడా రాస్తారు కదా, అది కరెక్టేనా?

పాతపుస్తకాల_కొట్టు

కాదు నాయనా. జమైకాకి చెందిన విలియం రాబిన్సన్ క్లార్క్ బ్రిటిష్ దళంలో 1917 ఏప్రిల్‌లోనే పైలట్ అయ్యాడు, బుల్లార్డ్ లైసెన్సు కంటే కొద్ది రోజుల ముందు. ఎరిట్రియాలో పుట్టి ఇటలీలో పెరిగిన డొమెనికో మొండెల్లి, ఒట్టోమన్ దళంలోని అహ్మత్ అలీ కూడా ఆ కాలంవాళ్ళే. అమెరికన్ నల్లజాతీయుల్లో మొదటివాడు అంటే చాలు. అది చిన్న మాటేం కాదు, దానికి పై మెట్టు కట్టక్కర్లేదు.

మంజీర

అందరూ ఫ్రాన్స్‌ని నెత్తిన పెట్టుకుంటున్నారు కాబట్టి నేను అడగక తప్పట్లేదు. బుల్లార్డ్‌ని మనిషిలా చూసిన ఫ్రాన్సే, అదే యుద్ధంలో, పశ్చిమ ఆఫ్రికా ఊళ్ళ నుంచి సుమారు 2 లక్షల మందిని సైన్యంలోకి లాక్కుంది. చాలాచోట్ల బలవంతంగా. 1915, 16లలో వోల్టా ప్రాంతంలో జనం తిరగబడితే ఊళ్ళకి ఊళ్ళే తగలబెట్టారు. అమెరికా నుంచి వచ్చిన నల్లవాడు పారిస్‌లో అతిథి. తన కాలనీ నల్లవాడు మాత్రం ప్రజ కూడా కాదు. ఫ్రాన్స్‌లో రంగు లేదన్న మాటని మనం అలాగే మింగేయాలా?

అట్లాంటా_తెలుగమ్మాయి

మంజీర గారూ, ఒప్పుకుంటాను. కానీ జార్జియాలో పుట్టిన పిల్లాడికి ఆ లెక్క వేసుకునే తీరిక ఎక్కడిది? చెట్టుకి వేలాడదీసే ఊరు ఒకటి, పక్కన కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే ఊరు ఒకటి. ఆయన ఎంచుకున్నది రెండో ఊరిని.

మంజీర

ఆయన్ని తప్పుపట్టడం లేదండీ. ఆయన కృతజ్ఞత నిజం. దాన్ని చూపించి ఫ్రాన్స్ తనకి తాను సర్టిఫికెట్ ఇచ్చుకోవడం వేరు. మనం తెల్లదొరల కింద బతికిన జనం. ఒక్కడికి మర్యాద ఇచ్చి లక్షమందిని మందలా తోలడం మనకి తెలియని విద్య కాదు. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షలకు పైగా మనుషులు సముద్రం దాటి వెళ్ళారు. ఎంత సర్వీసు ఉన్నా, 1917 దాకా వాళ్ళలో దాదాపు ఎవరికీ తెల్ల ఆఫీసర్‌తో సమానమైన హోదా లేదు.

మాజీ_ఎయిర్‌మన్

మంజీర గారి మాటకి అతికేలా ఒకటి చెప్తాను. హర్దిత్ సింగ్ మాలిక్ అని రావల్పిండి సిక్కు కుర్రాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతుండగా యుద్ధం వచ్చింది. బ్రిటిష్ విమాన దళంలో చేరతానంటే రానివ్వలేదు. ఫ్రెంచ్ రెడ్ క్రాస్‌లో అంబులెన్స్ నడిపాడు. ఫ్రెంచ్ విమాన దళానికి అర్జీ పెడితే వాళ్ళు రమ్మన్నారు. ఆ సంగతి తెలిసి ఆయన ఆక్స్‌ఫర్డ్ గురువు బ్రిటిష్ విమాన దళం పెద్ద జనరల్ హెండర్సన్‌కి ఉత్తరం రాశాడు. మా దేశం కోసం ఎగరనివ్వకుండా ఇతన్ని ఫ్రెంచ్ వాళ్ళకి వదిలేస్తారా అని ఆ ఉత్తరం సారాంశం. 1917 ఏప్రిల్‌లో కమిషన్ వచ్చింది. తలపాగా తియ్యలేదు, దాని మీదే పట్టేలా హెల్మెట్ చేయించుకున్నాడు. కాల్లో దిగిన తూటాలు చనిపోయేదాకా అలాగే ఉండిపోయాయి. స్వతంత్రం వచ్చాక అదే ఫ్రాన్స్‌కి మన రాయబారిగా వెళ్ళాడు.

అదే ఏడు, అదే సమస్య, అదే ఫ్రెంచ్ దళం. మాలిక్‌కి ఉత్తరం రాయగలిగిన పెద్దమనిషి ఒకడున్నాడు. బుల్లార్డ్ కోసం రాసేవాడు లేడు.

గడియారస్తంభం

ఈ చర్చ కోసమే థ్రెడ్ పెట్టాను. యుద్ధం తర్వాతి కథ చెప్పేస్తాను.

1919లో బయటికొచ్చాడు. గాయాలతో బాక్సింగ్ మునుపటిలా సాగలేదు. జాజ్ డ్రమ్స్ నేర్చుకుని పారిస్‌లో మోమార్త్‌ర్ పేటలోని జెల్లీస్ క్లబ్‌లో వాయించాడు. తర్వాత ల గ్రాండ్ డ్యూక్ అనే క్లబ్ నడిపాడు. 1924లో ఆ క్లబ్ వంటింట్లో గిన్నెలు కడిగిన కుర్రాడు ఎవరో తెలుసా? తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న అమెరికన్ నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్. మన కవిత్వ మిత్రులకి ఆ పేరు చాలు. బుల్లార్డ్ సొంతంగా ఒక బార్, ఒక జిమ్ పెట్టాడు. మార్సెల్ అనే ఫ్రెంచ్ యువతిని పెళ్ళాడాడు, ఇద్దరు కూతుళ్ళు. తర్వాత విడిపోయారు, పిల్లల్ని తనే పెంచాడు.

రెండో యుద్ధం ముందు ఆయన బార్‌కి జర్మన్లు వచ్చేవారు. ఈ నల్లాయనకి జర్మన్ ఏం వస్తుందిలే అని నోటికొచ్చిన రహస్యాలు మాట్లాడుకునేవారు. ఆయనకి జర్మన్ బాగా వచ్చు. విన్నదంతా ఫ్రెంచ్ గూఢచారి విభాగానికి చేరేది. 1940 జూన్‌లో పారిస్ పడిపోతుంటే, నలభై నాలుగేళ్ళ వయసులో నడుచుకుంటూ వెళ్ళి 51వ పదాతి రెజిమెంట్‌లో చేరాడు. గుండు పేలి వెన్ను దెబ్బతింది. స్పెయిన్ మీదుగా లిస్బన్, అక్కడి నుంచి ఓడలో న్యూయార్క్. కూతుళ్ళు తర్వాత వచ్చి చేరారు.

ఇందూరు_రింగ్

1949 సంగతి కూడా రాయండి అన్నా.

గడియారస్తంభం

రాస్తాను. న్యూయార్క్ దగ్గర పీక్‌స్కిల్‌లో నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్ కచేరీ పెట్టారు. ప్రజానాట్యమండలి పాటలు విని పెరిగినవాళ్ళకి రాబ్సన్ ఎవరో చెప్పక్కర్లేదు. కచేరీ మీద గుంపులు దాడి చేశాయి. కచేరీకి వెళ్ళిన బుల్లార్డ్‌ని కిందపడేసి కొట్టారు. కొట్టినవాళ్ళలో పోలీసులూ ఉన్నారు. అదంతా ఫొటోల్లో, ఫిల్మ్‌లో ఉంది. ఎవరి మీదా కేసు లేదు. వెర్డూన్‌లో గాయపడిన మనిషి, యాభై దాటిన మనిషి, తన దేశపు పోలీసు లాఠీ కింద.

1954లో ఫ్రాన్స్ ప్రభుత్వం పిలిచి, పారిస్ విజయతోరణం కింద అజ్ఞాత సైనికుడి సమాధి దగ్గర జ్యోతి వెలిగించే గౌరవం ఇచ్చింది. 1959 అక్టోబర్‌లో ఫ్రాన్స్ అత్యున్నత పురస్కారం లెజియన్ ఆఫ్ ఆనర్. అప్పటికి ఆయన న్యూయార్క్ రాకఫెల్లర్ సెంటర్‌లో లిఫ్ట్ ఆపరేటర్. ఏ అంతస్తు సార్ అని అడగడం, తలుపు మూయడం, తీయడం. అదే బిల్డింగ్‌లో ఎన్‌బీసీ టీవీ స్టూడియో. ఆ డిసెంబర్‌లో టుడే షోకి పిలిచి డేవ్ గారోవే ఇంటర్వ్యూ చేశాడు. లిఫ్ట్ యూనిఫాంలోనే కెమెరా ముందు కూర్చున్నాడు. పతకాలు పదిహేను. రోజూ ఆయన లిఫ్ట్‌లో ఎక్కి దిగినవాళ్ళకి ఆ రోజే తెలిసింది.

1960లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగాల్ న్యూయార్క్ వచ్చినప్పుడు అందరి ముందూ ఆయన్ని కౌగిలించుకున్నాడు. 1961 అక్టోబర్ 12న కడుపు క్యాన్సర్‌తో పోయాడు. క్వీన్స్‌లోని ఫ్లషింగ్ శ్మశానంలో, ఫ్రెంచ్ మాజీ సైనికుల విభాగంలో, ఫారిన్ లెజియన్ యూనిఫాంతోనే ఖననం చేశారు.

అట్లాంటా_తెలుగమ్మాయి

1994లో అమెరికా వైమానిక దళం ఆయనకి సెకండ్ లెఫ్టినెంట్ హోదా ఇచ్చింది. చనిపోయి 33 ఏళ్ళయ్యాక. మేముండేది జార్జియాలోనే. వార్నర్ రాబిన్స్ విమాన మ్యూజియం దగ్గర 2019 అక్టోబర్‌లో ఆయన విగ్రహం పెట్టారు. పిల్లల్ని తీసుకెళ్ళాను. మా పెద్దవాడు అడిగాడు, అమ్మా, ఈయన మన స్టేట్ వాడైతే ఫ్రాన్స్ డ్రెస్ ఎందుకు వేసుకున్నాడు అని. కారులో ఇంటికొచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

కృష్ణలంక

సెకండ్ లెఫ్టినెంట్ అంటే ఆఫీసర్లలో అన్నిటికంటే కింది ర్యాంకే కదా సార్?

మాజీ_ఎయిర్‌మన్

అవును. 1917లో తోటివాళ్ళలో చాలామందికి ఫస్ట్ లెఫ్టినెంట్ ఇచ్చారు. నా అభిప్రాయం ఏంటంటే, ఇచ్చేది ఎలాగూ పోయాకే కాబట్టి కనీసం ఆ ర్యాంకన్నా ఇవ్వాల్సింది.

మంజీర

ఇంకా ఎక్కువే ఇవ్వాలి. ఎయిర్‌మన్ గారూ, మాలిక్ మీద మీరే వేరే థ్రెడ్ మొదలుపెట్టండి. మాలిక్ ఎగిరిన బ్రిటిష్ దళంలోనే ఎగిరి 1918 జూలైలో కొద్ది రోజుల్లోనే పది విమానాలు కూల్చి, ఆ నెలలోనే చనిపోయిన కలకత్తా కుర్రాడు ఇంద్రలాల్ రాయ్ గురించి నేను రాస్తాను.

మాజీ_ఎయిర్‌మన్

తప్పకుండా అమ్మా. ఆదివారం పెడతాను. పాతపుస్తకాల వారు తేదీలు సరిచూస్తానంటే ఇంకా ధైర్యంగా రాస్తాను.

పాతపుస్తకాల_కొట్టు

పెట్టండి, నేనున్నాను.